మ్రోగని ఫోను



క్రిందటి వర్షాకాలములో నాగావళి ఒడ్డున, ఆముదాలవలసకు అవతలనున్న ఒక పల్లెకు గృహదర్శనమునకు వెళ్ళాము. ఆ ఇంటిలో డెబ్బది యేండ్లు దాటిన ఒక తల్లి ఒంటరిగా ఉంటున్నది. ఒక్కగానొక్క కుమారుడు చెన్నైలో తాపీ మేస్త్రీ. మేము కూర్చున్న కాసేపటికే ఆమె గోడ ప్రక్కనున్న ఫోను వైపు చేయి చూపి, "ఏటి బాబూ, ఇది పది రోజుల నుంచి పలకడం మానేసినాది. మా గుంటడికి నా మీద కోపమొచ్చినాదేటి?" అని అడిగింది.

కోపము మాట ఎందుకు వచ్చిందో తరువాత తెలిసింది. చివరిసారి ఫోనులో మాట్లాడుకొన్నప్పుడు కుమారుడు, "ఆ ఆవును అమ్మేసి నా దగ్గరకు వచ్చేయమ్మా" అన్నాడట. ఆమె రానన్నది. మాట మీద మాట పెరిగింది. "ఇలాగే విసిగిస్తే ఫోను తీగ పీకేస్తాను" అని కూడా అన్నదట. ఆ మరుసటి వారము నుండి ఫోను మ్రోగలేదు. ఆమె రోజూ రిసీవరు ఎత్తి చెవికి ఆనించుకొని, మరల పెట్టేసేది.

మేము మా సెల్‌ఫోను నుండి కుమారునితో మాట్లాడాము. అతడు చెప్పినది విని మాకు నోట మాట రాలేదు. "అన్నమాట ప్రకారము అమ్మ తీగ పీకేసిందనుకొన్నానండి. ఎప్పుడు చేసినా అందుబాటులో లేదనే వస్తున్నది. ప్రక్కింటి వాళ్ళకు చేసి అడుగుదామనుకొన్నాను గాని, ఇంటి గొడవ వీధిలో పడుతుందని ఊరుకున్నాను" అన్నాడు. పది దినములు తల్లి కుమారునిని, కుమారుడు తల్లిని తప్పుగా అనుకొన్నారు. తప్పు ఇద్దరిదీ కాదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడమే ఈ నెల మా ఉద్దేశము.

ఆ తల్లికి చూపు తగ్గినందున సెల్‌ఫోను అలవాటు కాలేదు. పెద్ద అంకెలున్న బల్ల ఫోనైతే తడిమి నొక్కగలదు. అందుచేత కుమారుడు రెండేళ్ళ క్రిందట ఇంటికి ఫైబరు కనెక్షను పెట్టించి, దాని మీదనే ఫోను కూడా తీసుకొన్నాడు. కంపెనీ బాక్సుకు నెలనెలా అద్దె కట్టడమెందుకని విశాఖపట్నములో సొంత బాక్సు ఒకటి కొని తెచ్చాడు. కేబులు కుర్రవాడు దానిలో ఫోను వివరములు నింపి వెళ్ళాడు. అంతా బాగానే నడిచింది. ఇప్పుడు కూడా టీవీ వస్తున్నది. ప్రక్కింటి పిల్లలు వచ్చి ఆ ఇంటర్నెట్టు మీదనే పాఠములు చూసుకొంటున్నారు. కాబట్టి లైను పాడైనదని ఎవరికీ అనుమానము రాలేదు. ఫోను ఒక్కటే మూగబోయింది.

మాతో వచ్చిన యువకుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. బాక్సు వెనుక చీటీ చూసి, తన సెల్‌ఫోను నుండే దాని సెట్టింగుల పేజీ తెరిచి, "ఫోను రిజిస్టరు కాలేదండి" అన్నాడు. కంపెనీ వారికి ఫోను చేసి అడిగితే విషయము తేలింది. వారు తమ ఫోను సర్వరును మార్చారు. కంపెనీ ఇచ్చిన బాక్సులన్నీ వాటంతట అవే క్రొత్త సర్వరుకు మారిపోయాయి. సొంత బాక్సులు ఉన్నవారు మాత్రము క్రొత్త చిరునామాను తామే నింపుకోవాలి. ఆ సంగతి ముందుగానే మెసేజి ద్వారా తెలిపామన్నారు. నిజమే, తెలిపారు. ఆ మెసేజి కుమారుని పాత నంబరుకు వెళ్ళింది. ఆ సిమ్ము అతడు ఏడాది క్రిందటనే తీసివేశాడు! ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరము లేదు. ఇది ఎక్కడైనా జరుగగల విషయము.

ఈ సర్వరు అంటే ఏమిటో తెలిసికొంటే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. బడిలో హాజరు పిలవడము మనకందరికీ తెలుసు. ఇంటర్నెట్టు ఫోను బాక్సు కూడా నిర్ణీత వ్యవధికి ఒకసారి కంపెనీ సర్వరుకు కబురు పంపి, "ఫలానా నంబరు నాది, నా రహస్య పదము ఇది, నేను ఇక్కడ ఉన్నాను" అని హాజరు చెప్పుకొంటుంది. దీనినే రిజిస్ట్రేషను అంటారు. మనకు ఎవరైనా ఫోను చేసినప్పుడు సర్వరు తన హాజరు పట్టీలో చూసి, ఆ బాక్సుకు కబురు పంపుతుంది. అప్పుడే గంట మ్రోగుతుంది. ఇప్పుడు బడిని క్రొత్త భవనమునకు మార్చారనుకోండి. బడి వారి బస్సులో వచ్చే పిల్లలను బస్సే క్రొత్త చోటికి చేరుస్తుంది. సొంతముగా నడిచి వచ్చే పిల్లవానికి ఎవరూ చెప్పకపోతే, వాడు పాత భవనమునకే వెళ్ళి ఖాళీ గదిలో "హాజరు" అంటాడు. క్రొత్త బడిలో మాత్రము వాడు రాలేదనే వ్రాసుకొంటారు. ఆ తల్లి ఇంట జరిగినది ఇదే.

మన పాత టెలిఫోనులో ఈ చిక్కు లేదు. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ తయారు చేసిన గ్రామీణ ఎక్స్ఛేంజీలు మన పల్లెలకు వచ్చిన కాలము పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఎక్స్ఛేంజీలో ఎన్ని మార్పులు చేసినా, ఆ తీగ చివరనున్న మన ఫోనులో మార్చవలసినది ఏదీ ఉండేది కాదు. ఫోనుకు కావలసిన విద్యుత్తు కూడా ఆ రాగి తీగలోనుండే వచ్చేది. ఎక్స్ఛేంజీ బ్యాటరీలు 48 వోల్టులు పంపేవి. కాబట్టి ఊరిలో కరెంటు పోయినా ఫోను పలికేది. ఇప్పుడు రాగి తీగ స్థానములో గాజు తీగ వస్తున్నది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబరు నెట్ పథకమును ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడూ ఒకే తీగపై ఇస్తామన్నారు. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా అనేక చోట్ల పాత లైనులను ఫైబరుకు మార్చింది. ఇది మేలే. అయితే గాజు తీగలో కరెంటు రాదు. ఇంటిలోని బాక్సుకు కరెంటు ఉండాలి, ఆ బాక్సులో సరియైన చిరునామా ఉండాలి.

మార్పు అవతలివైపున జరిగినా, సర్దుకోవలసిన పని మన ఇంటిలో ఉంటుందనుటకు ఇంకొక ఉదాహరణ మనమందరము చూసినదే. 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైను నుండి సెల్‌ఫోనుకు చేసేటప్పుడు ముందు సున్న నొక్కవలెనని కేంద్ర టెలికాం శాఖ నియమము పెట్టింది. మీట నొక్కితే చాలునని బిడ్డల నంబర్లను ఫోనులో దాచుకొన్న వృద్ధులకు ఆ నంబర్లన్నీ మరల ఎవరో ఒకరు మార్చి పెట్టవలసి వచ్చింది.

ఇది మన పల్లెల కష్టము మాత్రమే కాదు. బ్రిటనులో పాత టెలిఫోను వ్యవస్థను 2025 డిసెంబరు నాటికి మూసివేయాలని మొదట అనుకొన్నారు. అక్కడ ఒంటరిగా ఉండే వృద్ధులు అనేకులు మెడలో ఒక మీట వ్రేలాడదీసుకొంటారు. జారిపడితే దానిని నొక్కితే ఫోను లైను ద్వారా సహాయ కేంద్రమునకు కబురు వెళ్ళుతుంది. లైను ఇంటర్నెట్టుకు మారిన కొన్ని ఇండ్లలో ఆ పరికరములు పని చేయక ప్రమాదములు జరిగాయి. 2023 డిసెంబరులో అక్కడి కంపెనీలు అటువంటివారి లైనులను బలవంతముగా మార్చబోమని ప్రభుత్వమునకు మాట ఇచ్చాయి. తరువాత గడువును 2027 జనవరి ఆఖరుకు జరిపారు.

అలాగని సొంత బాక్సు కొనడము తప్పని మేము చెప్పడము లేదు. అద్దె మిగులుతుంది, మంచి బాక్సు ఎన్నుకోవచ్చును. కాని దానితోపాటు ఒక బాధ్యత కూడా ఇంటికి వస్తుంది. సర్వరులు పాతబడుతాయి, భద్రత కొరకు మార్చుతారు. అవి మారినప్పుడు మన బాక్సును చూసుకొనే మనిషి ఎవరో ముందుగానే తేల్చుకోవాలి. అందుకు కొన్ని మాటలు.

మొదటిది, కొనకముందే కంపెనీని అడగండి. ఈ రకపు బాక్సులో మీ ఫోను పని చేస్తుందా? సర్వరు మారితే మీరు మార్చి ఇస్తారా, మేమే మార్చుకోవాలా? ఇంటర్నెట్టు పని చేసే ప్రతి బాక్సులోను ఫోను పని చేయదు.

రెండవది, సర్వరు పేరు, యూజరు పేరు, పాస్‌వర్డు, కనెక్షను నంబరు ఒక కాగితముపై వ్రాయించుకొని, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకము ఉన్న పెట్టెలో దాచండి. నింపిన కుర్రవాడు ఊరు విడిచి వెళ్ళవచ్చును, కాగితము వెళ్ళదు. ఒక్క సంగతి గమనించండి. కంపెనీ సర్వరుకు పేరు ఇస్తే పేరునే నింపించండి, అంకెల చిరునామాను నింపనివ్వకండి. కంపెనీ అంకెలను మార్చినా పేరు అదే ఉంచితే, బాక్సు తనంతట తానే క్రొత్త చోటును వెదకుకొంటుంది.

మూడవది, సెల్‌ఫోను నంబరు మార్చుకొన్న దినముననే కంపెనీ వద్ద కూడా మార్పించండి. ఆ తల్లి ఫోను మూగబోవుటకు అసలు కారణము ఇదే.

నాలుగవది, మోసగాళ్ళ విషయములో జాగ్రత్త. "సర్వరు మారుతున్నది, ఓటీపీ చెప్పండి, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. సర్వరు మార్పునకు బ్యాంకు ఓటీపీతో పని లేదు. కంపెనీ బిల్లుపై ఉన్న నంబరుకు మీరే చేసి అడగండి. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కు ఫోను చేయండి.

ఐదవది, తుపానులను మరువకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన జిల్లాలలో కరెంటు స్తంభములను ఎలా పడగొట్టాయో మనకు తెలుసు. స్తంభము పడితే దానిపై వేలాడే ఫైబరు కూడా పడుతుంది. బాక్సుకు చిన్న బ్యాటరీ ఒకటి ఉంటే కరెంటు పోయిన కొన్ని గంటలు ఫోను నిలుస్తుంది. దాని మీదనే ఆధారపడక, 108కి, 112కి చేయుటకు ఒక మామూలు మీటల సెల్‌ఫోను కూడా ఇంటిలో ఛార్జి చేసి ఉంచండి.

ఇక ఆ తల్లి సంగతి. మా యువకుడు కంపెనీ వారు చెప్పిన క్రొత్త పేరును అక్షరమక్షరము బాక్సులో నింపి, దానిని ఆపి మరల వేశాడు. రెండు మూడు నిమిషములకు ఫోను గుర్తు ఉన్న పచ్చదీపము వెలిగింది. చెన్నైలో ఉన్న కుమారుడు తన సెల్‌ఫోనుతో ప్రయత్నిస్తూనే ఉన్నాడేమో, దీపము నిలిచీ నిలవకముందే గంట మ్రోగింది. ఆమె రిసీవరు ఎత్తి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అన్నం తిన్నావా నాయనా?" అన్నది. ఆవు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మేము వాకిట్లోకి వచ్చి నిలుచున్నాము.

తిరిగి వచ్చే దారిలో మాకు ఒక ఆలోచన కలిగింది. మన పల్లెలలో బిడ్డలు హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫు దేశములకో పనికి వెళ్ళగా మిగిలిపోయిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారి ఫోను మూగబోతే వారికి తోచే మొదటి మాట "సర్వరు మారింది" అని కాదు, "నన్ను మరచిపోయారు" అని. కాబట్టి మీ వీధిలో అటువంటి ఇల్లు ఉంటే, ఈ వారము ఒకసారి వెళ్ళి ఆ ఫోనుకు మీ సెల్‌ఫోను నుండి రింగు ఇచ్చి చూడండి. ఒక్క నిమిషము పని. దూరాన ఉన్న కుమారులారా, కుమార్తెలారా, అమ్మ ఫోను అందకపోతే కోపమని తలంచక ముందు, ప్రక్కింటివారిని పిలిచి అడగండి. ఇంటి గొడవ వీధిలో పడుతుందని సిగ్గుపడకండి.

వచ్చే నెల మరల కలిసికొందాము.