రెండ్రోజుల కూలికి తొంభై రోజుల భయం

"మాస్టారూ, మజ్జిలో రెండ్రోజులు సున్నాలేసే పనికెల్తే ఈ డబ్బులు ఆపేత్తారా?"

2020లో మల్కాపురంలో మా గుమ్మం ముందు కూర్చుని ఒక కాంట్రాక్టు కూలీ అడిగిన మాట ఇది. అతని కొడుకు నా దగ్గర చదివినవాడు. కాంట్రాక్టరు గేటు పాసు లాక్కున్నాడు. ఇ.ఎస్.ఐ. వారి నిరుద్యోగ సాయం కాగితాలు నేను నింపుతున్నాను.

అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని దానికి పేరు. 2018 జులైలో సగటు జీతంలో 25 శాతంతో మొదలైంది. 2020 మార్చి 24 నుంచి పని పోయినవాళ్లకు 50 శాతం చేశారు. అదీ జన్మకంతా 90 రోజులే. నెలకు 15,000 తెచ్చుకున్నవాడికి రోజుకు 250 రూపాయలు! అద్దె, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోనే. మరి కూలికి పోకుండా ఎవడు బతుకుతాడు?

నిబంధన ఏమంటుంది? మళ్లీ పని దొరికిన రోజు దాకానే సాయం. ఇద్దరు యజమానుల దగ్గర ఇ.ఎస్.ఐ. ఉంటే రెండు పనులూ పోవాలి, అప్పుడే నిరుద్యోగి! పని ఉన్నవాడు, పని లేనివాడు - వాళ్ల కాగితంలో రెండే గళ్లు. మన వాడల్లో బతుకేమో ఆ రెండు గళ్ల మధ్యనుంది. రెండ్రోజులు పని, ఐదురోజులు ఎదురుచూపు. నిజం చెబితే పస్తు, దాస్తే దొంగ. నెల జీతం తప్ప ఎరగనివాళ్లు రాసిన రాత ఇది.

జర్మనీలో భృతి తీసుకునే మనిషి వారానికి 15 గంటల లోపు పని చేసుకోవచ్చు. నెలకు 165 యూరోల దాకా సంపాదిస్తే భృతిలో పైసా తగ్గదు. అంతకు మించినదాన్నే కోస్తారు. ఆ దేశమేమీ దివాలా తీయలేదే!

ఇది ఎవరి దానమూ కాదు. బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో, 1944లో, అదార్కర్ ఇచ్చిన నివేదికే 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టానికి పునాది. 2019 జులై నుంచి కూలీ జీతంలో నూటికి 75 పైసలు కోస్తున్నారు. మన చెమట డబ్బు మనం అడుగుతున్నాం.

అడిగేది ఒక్కటే. పనిచేసిన రోజులకే సాయం ఆపండి, మిగతా రోజులకు ఇవ్వండి. అన్నలారా, అక్కలారా, మీరూ జీతం చీటీలు దాచుకోండి. 78 రోజుల చందా లెక్క తగ్గితే సాయమే రాదు. కాంట్రాక్టరు కట్టాడో లేదో ఇప్పుడే నిలదీయండి.

ఆ రోజు అతనికి నేను ధైర్యంగా జవాబు చెప్పలేకపోయాను. భయపడి అతను సున్నాల పనికి వెళ్లలేదు. ఆ వారమే భార్య చెవిదుద్దులు తాకట్టుకు వెళ్లాయి. ఆ దుద్దులు ఏ గడిలో రాస్తారు?