మీ జాతే అంత!

నెలలు నిండకుండా పుట్టే పిల్లలు వేరు, నెలలు నిండినా ఒంట్లో కండ లేకుండా పుట్టే పిల్లలు వేరు. రెండున్నర కిలోలకు తగ్గితే చాలు, ఇద్దర్నీ ‘తక్కువ బరువు’ అని ఒకే గాటన కట్టేస్తారు. డాక్టర్ల లెక్క ఇంకొకటుంది. ఒకే వారానికి పుట్టిన వందమంది పిల్లల్ని బరువు వరసన పెడితే అడుగున మిగిలే పదిమంది, నెలలకు తగ్గట్టు ఎదగనివాళ్ళు. వాళ్ళలో ఆరోగ్యంగానే ఉండేవాళ్ళూ ఉంటారు, కాదనను. కాని మన దేశంలో తక్కువ బరువు పిల్లల్లో ఎక్కువమంది తొందరపడి వచ్చినవాళ్ళు కాదు. కడుపులోనే పస్తులున్నవాళ్ళు.

మా చెల్లి బిడ్డ అట్లాంటివాడే. నెలలు నిండాయి, తూకంలో కిలో తొమ్మిదొందలు. బిడ్డ ఒళ్ళు చల్లబడతది, రొమ్ముకి ఆనించుకోమని చెప్పాల్సిన నర్సమ్మ, ‘మీ జాతే అంతలేవే, ఎలకపిల్లల్లాగే పుడతారు’ అంది. కూడు దొరక్కుండా చేసి, ఆకలి మీ రక్తంలోనే ఉందనడం ఇది.

రక్తంలో లేదు. 2014లో అచ్చయిన ఇంటర్‌గ్రోత్ అధ్యయనం ఎనిమిది దేశాల్లో చేశారు. మన దేశం నుంచి నాగపూర్‌ని తీసుకున్నారు. తిండికీ వైద్యానికీ లోటులేని తల్లుల్నే ఎంచుకున్నారు. వాళ్ళ పిల్లల పొడుగు ఆక్స్‌ఫర్డ్‌లోనూ నైరోబీలోనూ నాగపూర్‌లోనూ దాదాపు ఒకే తీరు. మరి జాతి ఎక్కడికి పోయినట్టు?

చదువుకున్నవాళ్ళు ఇంకోమాట అంటారు. మీ ఆడాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు కావాలనే తక్కువ తింటారు, అజ్ఞానం అని. నిజమే, మా అమ్మమ్మ అమ్మకి చెప్పేది, ‘బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, ముద్ద తగ్గించవే’ అని. ఎందుకు చెప్పింది? కాన్పు అడ్డం తిరిగితే గూడెం నుంచి మంచం మీద మోసుకుపోవాలి. బండీ ఎడ్లూ ఊళ్ళోవాళ్ళవి, అడిగితే ఇస్తారో లేదో. ఆపరేషన్ చేసే చోటు అందనోళ్ళకి చిన్నబిడ్డ పుట్టడమే తల్లి బతికే దారి. అమ్మమ్మది మూఢనమ్మకం అనే ముందు మా గూడేనికి రోడ్డు ఎప్పుడేశారో చెప్పండి.

అయినా తగ్గించుకోడానికి ముద్ద ఏది? అమ్మ తొమ్మిదో నెలలో నాట్లేసింది. పొద్దంతా బురదలో వంగే ఉండాలి, నడుం ఎత్తితే మేస్త్రీ అరుపు. పొద్దున సద్దన్నం, మధ్యాన్నం గట్టు మీద పచ్చిమిరపకాయతో మళ్ళీ అదే. రాత్రికి అందరూ తిన్నాక కుండ అడుగున మిగిలింది. మా మొగోళ్ళ సంగతీ చెప్పాలి. నాన్న తినకముందు అమ్మ తినడం నేను ఒక్కనాడూ చూళ్ళేదు.

తల్లి రక్తం పలచనైతే మాయకు చేరేది తగ్గుతుంది. అందిన కాస్తా బిడ్డ ముందు మెదడుకు పంపుకుంటుంది, మిగతా ఒళ్ళు ఎండబెట్టుకుంటుంది. పెద్ద తల, పుల్లల్లాంటి కాళ్ళు అందుకే. పుట్టాక రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒంట్లో వేడి నిలవదు. బతికి పెద్దయితే షుగరు, గుండెజబ్బు వచ్చే భయం మిగతావాళ్ళకంటే ఎక్కువ. కడుపులో తగిలిన దెబ్బ అరవయ్యేళ్ళ దాకా వెంటొస్తుంది.

2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మాతృ వందన పథకం దాన్ని 5000 చేసి, అదీ మొదటి కాన్పుకే అంది. అదే ఏడు జీతాలున్న ఆడవాళ్ళకు కాన్పు సెలవు 26 వారాలకు పెంచారు. పెంచాల్సిందే, వాళ్ళ మీద మాకు ఏడుపు లేదు. మా అమ్మలాంటి దానికి 26 వారాల కూలి లెక్కగట్టండి, ఆ 5000 ఎన్నాళ్ళకు వస్తుందో చూడండి. 2022 నుంచి రెండో కాన్పుకీ 6000 అన్నారు, పుట్టేది ఆడపిల్లయితేనే. మగపిల్లాడైతే ఆ తల్లికి పైసా లేదు.