రోగిశయ్యను విడిచిన వైద్యవిద్య

నల్లగొండ, పాలమూరు సీమల ప్రజలు తమ బిడ్డలు తమ యూరనే వైద్యము నేర్వవలెనని ఎన్నియేండ్లు కోరుకొనిరో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. 2016 వరకు ఈ రెండు పూర్వ జిల్లాలలో ప్రభుత్వ వైద్యకళాశాల యొక్కటియు లేదు. ఆ యేట మహబూబ్‌నగరమున మొదటిది వెలసెను. 2019లో నల్లగొండ, సూర్యాపేటలయందును, 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తులయందును, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరులయందును కళాశాలలు తెరవబడినవి. మొత్తము ఎనిమిది. జనులు సంతోషించిరి; మేమును సంతోషించితిమి. ఇక ఆ కళాశాలలనుండి రాదగిన వైద్యు డెట్టివాడని అడుగవలసిన కాలము వచ్చినది.

నిబంధనలలో లోపము లేదు. విద్యార్థి రెండవ సంవత్సరము మొదలుకొని వార్డులలో తిరుగవలెను. తుదిపరీక్ష యైన పిమ్మట పండ్రెండు నెలలు హౌస్‌సర్జనుగా వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము, అత్యవసరవిభాగము మున్నగు చోట్ల వంతులవారీగ పనిచేయవలెను. 2021 నిబంధనలు అందు పండ్రెండు వారములు సమాజవైద్యమునకే కేటాయించినవి. కాగితముపై ఇంతకంటె చక్కని యేర్పాటు మేము కోరలేము. మరి దేశమున చాలచోట్ల జరుగుచున్న దేమి? యువకుడు హాజరుపట్టీలో వ్రాలుచేసి గదికిబోయి, తలుపు మూసికొని, సెల్‌ఫోనులో కోచింగు పాఠములు వినుచున్నాడు. నేర్చుకొనగోరి వార్డులో నిలిచినవానిచేత రక్తపు సీసాలు మోయించుచున్నారు, కేసుషీట్లు నింపించుచున్నారు. పారిపోయినవాడు తెలివిగలవాడనియు, నిలిచినవాడు అమాయకుడనియు తోడివారు నవ్వుచున్నారు!

ఈ యువకుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. పీజీ సీటునకై అతడు వ్రాయవలసిన నీట్ పరీక్షను చూడుడు. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ఒక్కొక్కదానికి 63 సెకండ్లు. నాలుగు జవాబులలో ఒకదానిపై గురుతు పెట్టవలెను. అందు రోగి లేడు, రోగి నాడియు లేదు. 2024లో ఈ పరీక్ష ఆగస్టు 11వ తేదీని జరిగెను. హౌస్‌సర్జనీ ముగించుటకు గడువు ఆగస్టు 15. అనగా ఏ సంవత్సరము వార్డునకు మీదుకట్టబడినదో ఆ సంవత్సరమే పరీక్షకును మీదుకట్టబడినది. వీనిలో ఏది ఏదానిని మ్రింగునో ఊహించుటకు గొప్ప బుద్ధి యక్కరలేదు.

ఆ మ్రింగుడుపడిన దేమో ఈ సీమవారు తెలిసికొనవలెను. పొలములో పాము కరచిన కూలివానిని తెచ్చిరనుకొనుడు. శుభ్రమైన పొడి గాజుగొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తముంచి, ఇరువది నిమిషములు కదల్పక, పిదప వంచి చూడవలెను. గడ్డకట్టలేదా, రక్తపింజర విషము రక్తమున పనిచేయుచున్న దన్నమాట. ఆ గొట్టమును సబ్బుపొడితో కడిగియుండిన ఫలితము తప్పిపోవును. ఈ మాట పుస్తకమున నున్నది. కాని అర్ధరాత్రి వార్డులో సరియైన గొట్ట మెచటనున్నదో పుస్తకము చెప్పదు. కట్లపాము కాటునకు వాపు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి యని వచ్చినవాని కనురెప్పలు వ్రాలుచున్నవేమో చూచు అలవాటు, అట్టివాని నొకసారి దగ్గరనుండి చూచిననే కలుగును. పత్తిచేనికి తెచ్చిన పురుగుమందు త్రాగినవానికి, ఊపిరితిత్తులలోని గురగుర అణగువరకు నాడి చూచుకొనుచు అట్రోపిన్ పెంచుకొనుచు పోవలెను. అది రాత్రియంతయు మంచముచెంత నిలుచువాని విద్య.

మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసిన పెద్దలు ఇంకను మనమధ్య నున్నారు. నేలపై నాణెము నుంచి మోకాళ్లు వంచక తీయుమనవలెను. గడ్డమును రొమ్మునకు తాకింపుమనవలెను. చేతులు చాచి తలవెనుకకు మడువుమనవలెను. ఈ మూడింటికి యంత్రము వలదు, ధనము వలదు. ప్రపంచమునందలి విద్యార్థులు పటములలో చూచు వ్యాధిని నల్లగొండ విద్యార్థి తన చేతితో తాకి తెలిసికొనగలడు. అతడును పటములోనే చూచి పరీక్షకు పోవుటకంటె విచిత్రమేమున్నది?

పీజీ విద్యార్థికి రెసిడెంటు అని పేరు. అనగా నివాసి. వంద యేండ్లకు పూర్వము అమెరికాలోని బాల్టిమోరున జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆస్లరు, హాల్‌స్టెడు అను ఆచార్యుల యొద్ద యువవైద్యులు ఆసుపత్రియందే కాపురముండి నేర్చిరి; ఆస్లరు విద్యార్థులనుగూడ వార్డులలో పనికి నిలిపెను. నేడు మనవారు ఆసుపత్రినివాసి యగుటకై ఆసుపత్రిని విడిచి పరుగెత్తుచున్నారు!

‘మార్కులు లేనిదే సీటు రాదు, యోగ్యత నిర్ణయింప వేరు మార్గమేది?’ అని కొందర డుగుదురు. మంచిది. 2023 సెప్టెంబరులో ఆ పరీక్షార్హతనే సున్న పర్సెంటైలునకు దించినది కేంద్రప్రభుత్వమే గదా! ఖాళీసీట్లు నింపుటకు యోగ్యత కరగిపోవచ్చును గాని, రోగిని పరీక్షింప వచ్చునా రాదా యని చూచుటకు మాత్రము తీరిక లేదు కాబోలు. 2019 చట్టము ఎగ్జిటు పరీక్షయని యొకటి నిర్ణయించినది. 2023 జూలైలో దానిని వాయిదా వేసిరి. చేతిపనికి మార్కులిచ్చిన సిఫారసులు ప్రబలునను భయము నిజమైనదే. మేము దానిని తేలికగ తీసికొనము. కాని వేరు జిల్లానుండి పరీక్షకులను రప్పించి, పేరు తెలియని రోగుల నిచ్చి, పలువురిచేత వేరువేరుగ మార్కులు వేయించిన సిఫారసునకు చోటెంత? అంతవరకు పీజీ పరీక్షను హౌస్‌సర్జనీ ముగిసిన కొన్ని నెలలకు జరుపుటకు అడ్డమేమి? సీసాలు మోయుటకు జీతగాండ్రను నియమించుట కెంత వ్యయమగును? రోగిని చూడనివాని లాగ్‌బుక్కులో వ్రాలుచేసిన ఆచార్యుని నెవ్వరు ప్రశ్నించుచున్నారు?

2024లో గద్వాల, నారాయణపేటలలో చేరిన పిల్లలు సుమారు 2029లో హౌస్‌సర్జనులగుదురు. వారు వార్డులో అడుగిడు సాయంకాలమున మంచముచెంత ఒక ఆచార్యుడు నిలిచియుండునట్లు ఈ రెండు సీమల శాసనసభ్యులు చేయగలరా? వారిలో ఎవరు సమాధానము పంపినను, అది మాకు ప్రతికూలమైనను, ఈ పుటలోనే ప్రకటింతుము.