వాద్యబృందం పేజీ: నాలుగు పెడళ్ళున్నా బేస్ ఎందుకు వినబడదు?



ఈ నెల పేజీ అంతా ఒక్క ఉత్తరానికే సరిపోతుంది. పల్లెటూరి సంఘంలో బేస్ గిటారు వాయించే ఒక తమ్ముడు వ్రాశాడు. రెండు కోతల కాలం కూలిపని చేసి కూడబెట్టిన డబ్బుతో గిటారు, దానికి నాలుగు పెడళ్ళు కొన్నాడు: ట్యూనర్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్. ఇంట్లో చిన్న యాంప్‌కు తగిలించి వాయిస్తే ఎంతో బాగుందట. కోతల పండుగ ఆరాధనలో మాత్రం మందిరమంతా బూం, బూం అని మ్రోగిందే గాని ఏ స్వరం వాయిస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. వెనుక కూర్చున్న పెద్ద వయసు అమ్మలు పాట మాటలు వినబడక పాడటమే మానేశారు. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు, "ఆ బేస్ మనకొద్దు బాబూ, డోలకు చాలు" అన్నారట. "బ్రదర్‌గారూ, క్రిస్మస్‌లోపు ఇది సరికాకపోతే గిటారు అమ్మేస్తాను" అని ముగించాడు.

తమ్ముడూ, అమ్మవద్దు. పెద్దల మీద కోపం కూడా వద్దు, వారు విన్నది ఉన్నమాటే. మన మందిరాలలో చాలావాటికి నాలుగు నున్నటి గోడలు, పైన స్లాబో రేకులో ఉంటాయి. ఇలాంటి గదిలో లావు శబ్దం పుట్టిన చోట ఆగదు, గోడలకు తగిలి తిరుగుతూ ఉంటుంది. ఒక స్వరం చల్లారకముందే నీవు రెండో స్వరం వాయిస్తావు. రెండూ కలిసి మోత అవుతుంది. ఇంట్లో పరుపులు, బట్టలు, బియ్యం బస్తాలు ఆ మోతను మింగివేశాయి కాబట్టే అక్కడ బాగుంది.

కాబట్టి మొదటి పని పెడళ్ళన్నీ ఆపివేయడం. గిటారును తిన్నగా యాంప్‌కు తగిలించి ఇంకొకరిని వాయించమను. నీవు వెళ్ళి వెనుక గోడ దగ్గర నిలబడి విను. వేదిక మీద వినబడే బేస్ ఒకటి, వెనుక వినబడే బేస్ మరొకటి. యాంప్ మూలలో ఉంటే గోడకు కాస్త దూరంగా జరుపు. మూలలో పెడితే లావు శబ్దం ఊరికే పెరుగుతుంది. ఆ తరువాత కీబోర్డు వాయించే వారితో ప్రేమగా మాట్లాడు. ఆయన ఎడమచేయి క్రింది స్వరాలు నొక్కుతూ ఉంటే, దానికి తోడు కీబోర్డులోని స్టైల్ కూడా తన బేస్ తాను వాయిస్తూ ఉంటే, ఒక పాటకు ముగ్గురు బేస్ వాద్యకారులు ఉన్నట్టే. స్టైల్‌లో బేస్ భాగాన్ని విడిగా ఆపే వీలు చాలా కీబోర్డులలో ఉంది. మీ సంఘంలోని మోతలో సగం ఇక్కడే పోతుందని నా అనుమానం. డోలకు ఎడమవైపు కూడా లావుగా పలికేదే. డోలకు దెబ్బ, నీ స్వరం ఒకే క్షణంలో పడేలా ఇద్దరూ అభ్యాసం చేయండి.

ఇప్పుడు పెడళ్ళ వరుస. గిటారు నుండి ముందు ట్యూనర్, తరువాత కంప్రెసర్, తరువాత ఓవర్‌డ్రైవ్, ఉంటే ఈక్వలైజర్, చివర కోరస్. అక్కడి నుండి యాంప్‌కు గాని, డి.ఐ. బాక్సు ద్వారా మిక్సర్‌కు గాని. ట్యూనర్‌కు శుద్ధమైన స్వరం అందాలి, అందుకే ముందు. మిగిలిన వరుస శాసనమేమీ కాదు, మార్చి వాయించేవారు ఉన్నారు.

నీకు ఎక్కువగా పనికివచ్చేది కంప్రెసర్. గట్టిగా మీటిన స్వరాన్ని అది కొంచెం అణచుతుంది. నాలుగుకు ఒకటి అనే నిష్పత్తి పెడితే, నీవు పెట్టిన హద్దును 4 డెసిబెల్స్ దాటిన స్వరం 1 డెసిబెల్ మాత్రమే దాటినట్టు బయటికి వస్తుంది. అక్కడ మొదలుపెట్టు. అటాక్ అనే మీటను మరీ వేగంగా పెట్టవద్దు. వ్రేలు తీగను తాకే ఆ మొదటి చప్పుడే వెనుక వరుసకు స్వరాన్ని గుర్తుపట్టిస్తుంది, దానిని బయటికి రానివ్వాలి. పెడల్ వేసినా తీసినా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా లెవెల్ సరిచేయాలి. వేయగానే శబ్దం పెరిగితే "బాగుంది" అనిపిస్తుంది. అది పెడల్ గొప్పతనం కాదు, ఎత్తు పెరిగింది, అంతే. ప్రతి పెడల్‌కూ ఈ పరీక్ష చేయి.

ఓవర్‌డ్రైవ్ అనగానే పెద్దలు భయపడతారు, సినిమా పాటల గోల అనుకుంటారు. కాని కొద్దిగా వాడితే పల్లె మందిరంలో బేస్‌ను వినిపించేది అదే. ఎలాగంటావా? నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మిగిలినవి 55, 73, 98. మనకు అద్దెకు దొరికే బాక్సులలో చాలావాటికి ఆ 41 పలకడం చేతకాదు. అయితే ఆ తీగలో 82, 124, 165 హెర్ట్జుల పై స్వరాలు కూడా ఉంటాయి. వాటిని హార్మోనిక్స్ అంటారు. అవి వినబడితే చాలు, లేని మూలస్వరాన్ని మన చెవి తానే పూరించుకుంటుంది. చిన్న రేడియోలో కూడా పాట శ్రుతిని గుర్తుపడుతున్నామంటే ఇందువల్లనే. ఓవర్‌డ్రైవ్ చేసే పని ఆ పై స్వరాలను పెంచడం. గెయిన్ చాలా తక్కువగా పెట్టు, గరగర వినబడితే వెనక్కి తిప్పు. శుద్ధస్వరాన్ని కలిపే బ్లెండ్ మీట ఉన్న పెడల్ అయితే మంచిది, లేకపోతే లావు తగ్గి స్వరం పలుచబడుతుంది.

ఈక్వలైజర్ నీ దగ్గర లేదు. కొనేవరకు యాంప్ మీద ఉన్న మీటలే చాలు. బాస్ మీటను పెంచాలన్న ఆశను చంపుకో. మోత ఎక్కువగా 200, 300 హెర్ట్జుల దగ్గర పోగవుతుంది, అక్కడ తగ్గించు. 800 దగ్గర కాస్త పెంచితే వ్రేళ్ళ మాట తెలుస్తుంది. బాస్ కంపెనీవారి బేస్ ఈక్వలైజర్ పెడల్‌లో 50 నుండి 10,000 హెర్ట్జుల వరకు ఏడు మీటలు ఉంటాయి, వాటిలో 800 ఒకటి. కోరస్‌ను నెమ్మది పాటలకు తప్ప వాడవద్దు. ఎకో అసలే వద్దు, మందిరమే కావలసినంత ఇస్తోంది.

పందిరి క్రింద కూటములకు ఇంకొక మాట. గొట్టం మైకులలోకి బేస్‌ను పంపవద్దు. అవి మాటల కోసం చేసినవి. లావు స్వరాలను పలకలేవు సరికదా, బలవంతంగా పంపితే లోపలి డయాఫ్రం పాడవుతుంది. నష్టం మైకు సెట్టు అబ్బాయిది, నింద నీది.

కరెంటు సంగతి మాత్రం ప్రతి తల్లిదండ్రీ చదవాలి. చాలా పెడళ్ళకు 9 వోల్టుల అడాప్టర్ కావాలి, ప్లగ్గు నడిమి మొన నెగటివ్. పెడల్ మీది బొమ్మ చూసి సరిపోల్చుకొనే తగిలించు. అన్ని పెడళ్ళ మిల్లీయాంపియర్లు కూడి, అడాప్టర్ ఆ మొత్తం ఇవ్వగలదా అని చూడు. బ్యాటరీతో నడిపితే ఆరాధన కాగానే పెడల్‌లోని గిటారు కేబుల్ ఊడదీయి. చాలా పెడళ్ళలో కేబుల్ దూర్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కూటంలో నేను గిటారు పట్టుకొని మైకుకు నోరు ఆనించగానే పెదవి చురుక్కుమని, చేయి కొంకర్లు పోయింది. యాంప్ ఒక ఇంటి లైను మీద, మిక్సర్ జనరేటర్ మీద ఉన్నాయి. అంతకంటే ఘోరం, హమ్ వస్తోందని యాంప్ ప్లగ్గు మూడవ పిన్నును ఎవరో విరిచేశారు. ఆ పిన్నే ఎర్తు. తీగలు పట్టుకొనే పిల్లవాడి ప్రాణానికి అదే కాపు. హమ్ పోవాలంటే డి.ఐ. బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది, దానిని నొక్కండి. అది శబ్దపు కేబుల్‌లోని నేలతీగను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు. యాంప్, పెడళ్ళు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుండి తీసుకోండి. మందిరంలో ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఆ ఖర్చును సంఘమే భరించాలని పెద్దలకు మనవి చేయుచున్నాను.

ఉత్తరం చివర, ఐదు తీగల బేస్ కొనమంటారా అని అడిగావు. ఆ ఐదవ తీగ 31 హెర్ట్జులు. 41 పలకని బాక్సులకు 31 ఎందుకు? ఆ డబ్బుతో రెండు మంచి కేబుళ్ళు కొని ఒకటి బ్యాగులో దాచుకో.