తోడు పొయ్యేదానికి డబ్బులేంది?

మొన్న నరసరావుపేటలో మా వీధి చివర టీ తాగుతా ఒకావిణ్ని అడిగా, ‘నువ్వు చేసే పనికి పేరేందమ్మా?’ అని. ‘పేరేముందన్నా, తోడు పోతా’ అంది.

అంతే ఉద్యోగం. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, పెద్దాళ్లు మాత్రం మిగిలిన ఇళ్లు ఇక్కడ వీధికి రెండన్నా ఉంటయ్. గుంటూరులో కళ్ల డాక్టరు కాడికి పోవాలన్నా, బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్టు ఇయ్యాలన్నా పక్కన ఒక మనిషి కావాల. ఆ మనిషి ఈవిడ. వంట చెయ్యదు, అంట్లు తోమదు, ఇంజక్షన్ పొడవదు. వచ్చిద్ది, పక్కనుండిద్ది, ఇంటికాడ దించి పొయ్యిద్ది. రోజుకింతని తీసుకుంటది.

అంతకుముందు బట్టల కొట్లో పనంట. ‘పన్నెండేళ్లు చీరలు విప్పి మడతేశా. ఒక్కరన్నా నా పేరు అడగలా. ఇప్పుడు ఒక రోజు రాకపోతే నాలుగిళ్ల నుంచి ఫోన్లు’ అని చెప్తుంటే మొహం చూడాల.

నిజం చెప్పొద్దూ, మొదట నాకూ ఎగతాళిగానే అనిపించింది. పక్కన కూర్చునేదానికి కూడా రేటేనా అని. టోక్యోలో షోజి మోరిమోతో అని ఒకాయన 2018 నుంచి ‘నేనేమీ చెయ్యను, ఊరికే తోడుంటా’ అని చెప్పి మరీ పిలిపించుకుంటున్నాడని చదివినప్పుడు, జపానోళ్లకి పనేం లేదులే అనుకున్నా. 2022లో ముంబైలో గుడ్‌ఫెలోస్ అని ఒక కంపెనీ పెట్టి, పెద్దాళ్లకి కుర్రాళ్లని తోడు పంపిన శంతను నాయుడి సంగతీ విన్నా. డబ్బు పెట్టింది రతన్ టాటా. సరే, అవి మహానగరాలు, మన పేటలో ఇయ్యేం చెల్లుతయ్ అనుకున్నా.

నా నోరు మూయించింది మా వీధి రిటైర్డు మాస్టారు. ‘ఒరేయ్, పక్కింటోణ్ని పిలిస్తే వాడి పని చెడిద్ది. డాక్టరు ఏమన్నాడో సాయంత్రానికి వీధంతా తెలిసిద్ది. పైగా దోవలో రెండోసారి ఒంటేలుకు ఆపమనాలంటే సిగ్గు. ఈ అమ్మాయికి డబ్బులిచ్చా, ఇంకెక్కడి మొహమాటం? ఆపమంటే ఆపాల్సిందే’ అన్నాడు. చుట్టాల సాయానికి రుణం ఉండిద్ది. అది తీర్చే వయసు దాటిపోయినోళ్లకి ఎంత బరువో నాకు అప్పటిదాకా తట్టలా.

పని మాత్రం తేలికనుకోమాకండి. డాక్టర్లు పెద్దాయన్ని వదిలేసి ఈవిడ వంక చూసి ‘ఏంటి ఆయనకి?’ అంటారంట. ఈవిడ నోరు తెరవదు, తల తిప్పి పెద్దాయన వంక చూస్తది. అప్పుడు డాక్టరూ అటే చూస్తాడు. మెట్లెక్కేటప్పుడు ఒక మెట్టు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు. ఒక మామ్మగారిని కోటప్పకొండ తీసుకెళ్లినప్పుడూ అంతే. ‘వెనకే ఉన్నా, తిరిగి చూడమాక మామ్మా’ అందంట. ‘ఈ కొండ కథలో ఆనందవల్లి అట్టా తిరిగి చూసేగదే స్వామిని కొండమీదే ఆపేసింది!’ అని మామ్మగారు ఒకటే నవ్వంట.

ఆ మామ్మగారే పోయిన నెల గురజాల పక్కన పుట్టిన ఊరు చూసొస్తానంది. కొడుకు ఫోనులో ‘అక్కడెవరున్నారమ్మా, దేనికి?’ అన్నాడు. ఈవిణ్ని పిలిపించుకుని పోయింది.

‘ఏం చేశారమ్మా అక్కడ?’ అన్నా.

‘ఏం చెయ్యలా అన్నా. ఇల్లు పడిపోయింది, అరుగు మాత్రం ఉంది. మామ్మ కూర్చుంది, నేనూ కూర్చున్నా. ఎండ అరుగు మీదకొచ్చేసరికి లేచి, పిడుగురాళ్ల మీదగా బస్సులో వచ్చేశాం.’