అడిగే ఉద్యోగంలో చేరే ముందు మీరు అడగాల్సినవి

జాబ్ పోర్టల్‌లో 'ఫండ్‌రైజింగ్ ఎగ్జిక్యూటివ్', 'కమ్యూనిటీ మొబిలైజర్' అనే ప్రకటనలు కనిపిస్తే 'మనకెందుకులే' అని స్క్రోల్ చేసేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

బీటెక్ అయ్యాక ఆఫర్ లెటర్ కోసం చూస్తూ నేనూ మూడు నెలలు ఆ పని చేశాను. ఓ స్వచ్ఛంద సంస్థ తరఫున మెడలో ఐడీ కార్డు, చేతిలో ప్యాడ్‌తో మాల్ ముందు నిలబడేవాణ్ని. వంద మందిని పలకరిస్తే పదిమంది ఆగేవారు. ఒకరో ఇద్దరో ఫారం నింపేవారు. టార్గెట్ చేరని నెల జీతంలో కోత పడింది. ఆ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్లను డబ్బు అడిగినవాణ్ని, నా జీతం లెక్క అడగడానికి మాత్రం మొహమాటపడ్డాను!

అయినా ఆ పని చిన్నదని అనను. ఒకరు 'వద్దు' అంటే మనసులో పెట్టుకోకుండా తర్వాతి మనిషిని నవ్వుతూ పలకరించడం నాకు అక్కడే అలవాటైంది.

విరాళాలు సేకరించడం ఒక పని, జనాన్ని కూడగట్టడం ఇంకో పని. రెండూ కలిస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లో చూడొచ్చు. ఐఏఎస్ వదిలేసిన అరుణా రాయ్ 1990లో సహచరులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. పంచాయతీ పనుల లెక్కలు చూపించాలంటూ 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధాన్యం, డబ్బు ఇచ్చి దాన్ని నడిపించారు. తమ గింజలు పడ్డాయి కాబట్టి అది వాళ్ల ధర్నా అయింది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి ఆ పోరాటమే పునాది.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు, కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతే శిక్షణ పొంది, ఇంటింటికీ తిరిగి మస్టర్లు సరిచూశారు. ఎక్సెల్ వచ్చిన ఇంజినీరుకు ఇక్కడ పని దొరకదా?

ఆసక్తి ఉంటే చదువుకునే దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎన్‌ఐఆర్‌డీ, టిస్ క్యాంపస్, గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా కోర్సులు చూడండి.

చేరే ముందు మాత్రం ఇవి అడగండి. స్థిర జీతం ఎంత, టార్గెట్ మీద ఎంత? నియమించేది సంస్థా, మధ్యలో ఏజెన్సీనా? పీఎఫ్ ఉందా? 80జీ నమోదు ఉందా? వచ్చిన ప్రతి వంద రూపాయల్లో ఊరికి చేరేది ఎంత? ఈ చివరి రెండూ రేపు దాత మిమ్మల్నే అడుగుతాడు.

'సేవ కదా, జీతం గురించి అడుగుతావేంటి?' అని ఎవరైనా అంటే తగ్గకండి. కూలీల కనీస వేతనం కోసం పోరాడిన ఆ రాజస్థాన్ సంఘం, తన పూర్తికాలపు కార్యకర్తలకు కూడా అదే కనీస వేతనం లెక్కన ఇస్తుంది. తక్కువే కావచ్చు, కానీ ఆ లెక్క అందరికీ తెలుసు. మీకూ తెలిశాకే సంతకం పెట్టండి.