బస్సు భారం ఎవరిది? అడగాల్సింది ఎవరిని?

హైదరాబాద్: నగరంలో బస్సు నడిపితే ఆర్టీసీకి నష్టం, నడపకపోతే జనానికి కష్టం. మధ్యలో మిగిలే లోటును పూడ్చేదెవరన్న ప్రశ్నకు తెలుగునాట ఇన్నేళ్లుగా మూడే సమాధానాలు వినిపిస్తున్నాయి. టికెట్ ధర పెంచడం, రాష్ట్ర ఖజానా నుంచి సర్దడం, గిట్టుబాటు కాని సర్వీసులను ఎత్తివేయడం. నగరవాసులంతా స్థానిక పన్నుల రూపంలో కొంత భరించాలన్న నాలుగో సమాధానాన్ని హైదరాబాద్‌లో ఒకసారి ప్రయత్నించి మధ్యలోనే విడిచిపెట్టారు. పన్ను కట్టేవారిని, బస్సెక్కేవారిని ముందుగా అడిగి ఉంటే ఆ ప్రయత్నం నిలిచేదా? ఇతర దేశాల నగరాల అనుభవం ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన ఆధారాలను అందిస్తోంది.

ఇచ్చారు.. ఆపేశారు

2015 మే నెలలో ఆర్టీసీ సమ్మె ముగిసిన సందర్భంలో నగర సర్వీసుల నష్టాన్ని జీహెచ్ఎంసీ భరించాలన్న ఆలోచన ముందుకొచ్చింది. ముంబయి ఇందుకు నమూనా. అక్కడ బెస్ట్ బస్సులు 1947 నుంచి నగరపాలక సంస్థ అధీనంలోనే ఉన్నాయి. లోటు వస్తే కార్పొరేషన్ సాయం అందిస్తుంది. పుణెలో 2007లో ఏర్పడిన పీఎంపీఎంఎల్‌లోనూ పుణె, పింప్రి-చించ్‌వడ్ నగరపాలక సంస్థలే భాగస్వాములు.

హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ సుమారు రూ.336 కోట్లు చెల్లించి ఆపేసింది. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన సమ్మె సమయంలో ఈ వ్యవహారం హైకోర్టు ముందుకు వచ్చింది. తమ ఆర్థిక స్థితి అనుకూలించడం లేదని, చెల్లించి తీరాల్సిన బాధ్యత తమపై లేదని జీహెచ్ఎంసీ వాదించింది. బకాయి రావాల్సిందేనన్నది ఆర్టీసీ మాట. సమ్మె ముగిశాక 2019 డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగాయి. భారం తిరిగి టికెట్ మీదికే వచ్చింది.

ఆ నిర్ణయం వెలువడిన 2015లో జీహెచ్ఎంసీకి ఎన్నికైన పాలకవర్గం లేదు. మునుపటి పాలకవర్గం గడువు 2014 డిసెంబరులో ముగియగా, ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. కోట్ల రూపాయల స్థానిక సొమ్మును బస్సులకు మళ్లించే నిర్ణయంపై కార్పొరేటర్ల చర్చకే తావు లేనప్పుడు ఇక కాలనీల్లో చర్చ ఎక్కడిది? కొత్త ఆదాయ మార్గం చూపకుండా పాత ఖజానాపైనే భారం మోపారు. ఖజానా తగ్గగానే మొదట ఆగిపోయిందీ అదే. ఏ రూటులో ఎన్ని ట్రిప్పులు పెరుగుతాయో జనానికి చెప్పలేదు కాబట్టి, చెల్లింపు ఆగినప్పుడు అడిగేవారూ లేకపోయారు.

చట్టంలో స్టాపు ఉంది.. బస్సు లేదు

సమస్య మూలం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 74వ సవరణ ద్వారా చేరిన పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 బాధ్యతలను పేర్కొంది. అందులో వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలతో పాటు బస్ స్టాపుల ప్రస్తావన ఉంది. బస్సు ఊసు లేదు. వాహనాలపై పన్ను, రోడ్డు మార్గంలో వెళ్లే ప్రయాణికులపై పన్ను రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అంటే నీడనిచ్చే షెడ్డు మున్సిపాలిటీది, దాని ముందు ఆగాల్సిన బస్సు ఆర్టీసీది, దారిలో పోయే కార్ల పన్ను రాష్ట్రానిది. నగరపాలక సంస్థ చేతిలో మిగిలిన ప్రధాన ఆదాయం ఆస్తిపన్ను.

ఫ్రాన్స్‌లో 1971లో పారిస్ ప్రాంతంతో మొదలైన విధానం ప్రకారం సంస్థల యజమానులే తమ జీతాల మొత్తంపై రవాణా పన్ను చెల్లిస్తారు. ఉద్యోగులు సమయానికి పనికి చేరడం వల్ల యజమానికీ లాభమే కదా అన్నది అక్కడి తర్కం. హైటెక్ సిటీ వంటి ప్రాంతాలకు ఈ తర్కం చక్కగా సరిపోతుంది. అయితే మన వద్ద దీనికి దగ్గరగా ఉన్న వృత్తిపన్నుకు రాజ్యాంగంలోని 276వ అధికరణం ఏడాదికి రూ.2,500 గరిష్ఠ పరిమితి విధించింది. 1988లో ఖరారైన ఆ మొత్తం నేటికీ మారలేదు.

కరెంటుకు విచారణ.. బస్సుకు ప్రకటన

కరెంటు చార్జీలు పెంచాలంటే డిస్కంలు నియంత్రణ మండలికి లెక్కలు సమర్పించాలి. మండలి బహిరంగ విచారణ జరిపి అభ్యంతరాలు వినాలి. రైతు సంఘాలు, వినియోగదారులు, పరిశ్రమల ప్రతినిధులు అక్కడ డిస్కం అధికారులను నిలదీయడం పాతికేళ్లుగా చూస్తున్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువ పద్ధతికి మార్చినప్పుడు సైతం మున్సిపాలిటీలు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరాయి.

బస్సు చార్జీకి ఆ మర్యాద లేదు. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద ప్రభుత్వం ఆదేశిస్తుంది, మర్నాటి నుంచి కండక్టరు వసూలు చేస్తాడు. 2022 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల్లోనూ డీజిల్ సెస్ అలాగే వచ్చింది. 2025 అక్టోబరులో హైదరాబాద్ సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 చొప్పున పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకు కావాల్సిన మౌలిక వసతుల ఖర్చే అందుకు కారణంగా చూపారు. వాటివల్ల తగ్గే పొగ నగరమంతటికీ మేలు చేస్తుంది. ఖర్చు మాత్రం టికెట్ కొనేవారిదైంది. రోజుకు రెండుసార్లు దూరప్రయాణం చేసే కూలీకి రోజుకు రూ.20 అదనం. నెలలో 25 రోజులు పనికి వెళితే రూ.500. అదే ఏడాదికి రూ.2,000 ఆస్తిపన్ను కట్టే ఇంటిపై 5 శాతం బస్సు సెస్ వేశారనుకుంటే ఆ ఇంటి వాటా ఏడాదికి రూ.100. ఈ రెండు దారుల్లో ఏది న్యాయమో తేల్చాల్సింది నగరవాసులే. కానీ ఆ ప్రశ్న వారి ముందుకు రానేలేదు.

సియాటెల్‌లో ఓటమి తర్వాత గెలుపు

అడిగితే జనం పన్నుకు ఒప్పుకుంటారా అన్న సందేహం సహజం. ఇంగ్లండ్‌లోని గ్రేటర్ మాంచెస్టర్‌లో 2008 డిసెంబరులో కార్లపై రద్దీ రుసుం విధించి రవాణాను మెరుగుపరిచే ప్రతిపాదనపై ఓటింగ్ జరిపితే దాదాపు 79 శాతం మంది తిరస్కరించారు. పది స్థానిక మండళ్లలో ఒక్కచోట కూడా అది నెగ్గలేదు.

అమెరికాలోని సియాటెల్ కథ వేరు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ వంటి తెలుగువారికి పరిచయమైన ఊళ్లతో కూడిన కింగ్ కౌంటీలో 2014 ఏప్రిల్‌లో వాహనానికి ఏడాదికి 60 డాలర్ల రుసుం, 0.1 శాతం అమ్మకపు పన్ను ప్రతిపాదించారు. సొమ్ములో కొంత బస్సులకు, కొంత రోడ్లకు. కౌంటీ ఓటర్లు వద్దన్నారు. సియాటెల్ నగరంలో మాత్రం అధికులు అనుకూలంగా ఓటేశారు. ఇది గమనించిన నగర పాలకులు అదే ఏడాది నవంబరులో తమ పరిధికే పరిమితం చేసి, బస్సులకే కేటాయించి, ఆరేళ్ల గడువు పెట్టి మళ్లీ అడిగారు. సుమారు 62 శాతం మంది సరేనన్నారు. ఆ సొమ్ముతో అదనపు ట్రిప్పులు కొన్నారు. గడువు తీరాక 2020లో 0.15 శాతం అమ్మకపు పన్నుకు మళ్లీ అనుమతి అడిగితే దాదాపు 80 శాతం ఆమోదం లభించింది. పెరిగిన బస్సును కళ్లారా చూసినవారు రెండోసారి ఓటేయడానికి వెనుకాడలేదు.

బస్సులు కావాలి.. రుసుం వద్దు

కేంబ్రిడ్జి అనుభవం మరో కోణం చూపుతుంది. నగరంలోకి వచ్చే కారుకు పనిదినాల్లో 5 పౌండ్ల రుసుం విధించి, ఆ సొమ్ముతో బస్సులను విస్తరించాలన్న ప్రతిపాదనపై 2022 చివర్లో ప్రజాభిప్రాయం సేకరించారు. 24 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. బస్సుల మెరుగుదలకు సుమారు 70 శాతం మద్దతు పలికారు. రుసుమును 58 శాతం వ్యతిరేకించారు. ప్రతిపాదనను సడలించినా రాజకీయ మద్దతు దక్కక 2023 సెప్టెంబరులో విరమించుకున్నారు.

కథ అక్కడితో ముగియలేదు. కేంబ్రిడ్జిషైర్, పీటర్‌బరో ప్రాంతీయ మేయర్ ఇంటిపన్నుపై అదనపు సుంకం దారి పట్టారు. ప్రామాణిక శ్రేణి ఇంటికి 2023-24లో ఏడాదికి 12 పౌండ్లతో మొదలైన ఆ సుంకం 2024-25లో బస్సుల కోసం 36 పౌండ్లకు పెరిగింది. పెద్ద మొత్తాన్ని కొందరిపై వేస్తే ఎదురుతిరిగిన ప్రాంతంలోనే చిన్న మొత్తాన్ని అందరికీ పంచితే అమలైంది. అయితే ఈ పద్ధతిలో కారున్న ఇంటిపైనా, లేని ఇంటిపైనా ఒకే భారం పడుతుందన్న విమర్శకూ తావుంది.

విచారణకు వచ్చేదెవరు?

అడగడంలోనూ ఒక చిక్కుంది. పనిదినం ఉదయం పదకొండు గంటలకు మున్సిపల్ సమావేశ మందిరంలో సభ పెడితే వచ్చేది సొంత వాహనం, తీరిక ఉన్నవారే. ఇళ్లలో పనిచేసేవారు, భవన నిర్మాణ కూలీలు, దుకాణాల్లో చిరుద్యోగులు ఆ సమయానికి పనిలో ఉంటారు. బస్సు అవసరం ఎక్కువగా ఉన్నవారి గొంతు అక్కడ తక్కువగా వినిపిస్తుంది. సాయంత్రం వేళ బస్ స్టేషన్లలో, వారాంతంలో శివారు కాలనీల్లో అభిప్రాయాలు సేకరిస్తేనే లెక్క సరిపోతుంది.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చింది. టికెట్ భారం తీరింది, రద్దీ పెరిగింది. జీరో టికెట్ చేతికి రావాలంటే ముందు బస్సు రావాలి. ఇప్పుడు ప్రశ్న బస్సుల సంఖ్యదే. విశాఖ, విజయవాడల్లోనూ పరిస్థితి భిన్నంగా లేదు. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. రూట్ల నిర్ణయంలో నగరపాలక సంస్థల పాత్ర మాత్రం పెరగలేదు.

గ్రంథాలయ సెస్ నేర్పే పాఠం

స్థానిక పన్నులో ప్రత్యేక సెస్ మనకు కొత్త కాదు. ఆస్తిపన్నుతో పాటు 8 శాతం గ్రంథాలయ సెస్ దశాబ్దాలుగా వసూలవుతూనే ఉంది. వసూలు చేసిన మున్సిపాలిటీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదూ అంతే పాతది. బస్సు సెస్‌కు అదే గతి పట్టదని హామీ ఏమిటని పన్ను చెల్లింపుదారుడు అడిగితే తప్పుపట్టలేం.

అందువల్ల పన్ను మాట ఎత్తే ముందు పాలకులు నాలుగు విషయాలు తేల్చాలి. ఏ డిపో నుంచి ఏ రూటులో ఎన్ని ట్రిప్పులు పెరుగుతాయో ముందే ప్రకటించాలి. వసూలైన సొమ్ము సాధారణ ఖాతాలో కలవకుండా విడిగా ఉండాలి. నిర్ణీత గడువు తర్వాత పన్ను దానంతట అదే రద్దయి, కొనసాగించాలంటే మళ్లీ జనం ముందుకు రావాలి. వచ్చిన అభ్యంతరాల్లో వేటిని ఆమోదించారో, వేటిని ఎందుకు తోసిపుచ్చారో విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వుల మాదిరిగా రాతపూర్వకంగా వెల్లడించాలి. ఇవేవీ లేకుండా సెస్ వేస్తే రూ.336 కోట్ల కథే పునరావృతమవుతుంది. అడగకుండా ఉంటే టికెట్ పెరుగుతూనే ఉంటుంది. టికెట్ కొనలేని శివారు కుటుంబం అప్పు చేసి ద్విచక్ర వాహనం కొంటుంది. ఆ వాహనం చేరే రద్దీలోనే మిగిలిన బస్సు కూడా చిక్కుకుంటుంది.